పేరు చెప్పొద్దు

“ఇది నరహరి పేపరే! నాకెరుకే!” అంటూ, పత్రికవాళ్లు పరిశీలనకు పంపిన పేపర్ మీద చెయ్యి చరిచాడు దామోదర్.

సిద్దిపేటలో ఓ డిగ్రీ కాలేజీకి జువాలజీ హెడ్డు ఆయన. వచ్చే వారం ప్రిన్సిపాల్ పోస్టుకు ఇంటర్వ్యూ. పోటీదారు అదే డిపార్ట్‌మెంట్‌లోని నరహరి. ఎవరి పరిశోధన పేపర్ ముందు సైన్సు పత్రికలో అచ్చయితే కుర్చీ వాళ్లదే.

పత్రికవాళ్లు తమకొచ్చిన పేపర్ మీద పేరు తీసేసి, విషయం తెలిసిన ఓ పెద్దమనిషికి పంపుతారు. ఆయన ఊఁ అంటేనే అచ్చు. ఆ పెద్దమనిషి ఎవరైతే బాగుంటుందో రాసినవాళ్లనే అడుగుతారు కూడా. “ఎవరడిగినా నా పేరే ఇయ్యి. జిల్లాల నన్ను మించినోడు ఎవడున్నడు?” అని గెస్ట్ లెక్చరర్ వినీతకు దామోదర్ ఎప్పుడో చెప్పిపెట్టాడు. ఆయన క్లాసులు, మార్కులు, ఆయన పేరు మీద పత్రికలకు వెళ్లే పేపర్లు, ఇంటి కరెంటు బిల్లు, అన్నీ చూసేది ఆ పిల్లే. పాపం, ఏటేటా ఆమె ఉద్యోగం ఆయన సంతకంతోనే నిలవాలి మరి!

“నా పేపర్ పంపినవా?”

“పంపిన సార్. గీ పేపర్ గూడ…”

“ష్! రాసినోని పేరు చెప్పొద్దు. నాకు తెలువద్దు. రూలంటే రూలే!”

“మరి నరహరి సార్‌దే అన్నరు గద?”

“అది నా అందాజ. అందాజకు రూల్ లేదు.”

“ఒక్కసారి చదువున్రి సార్. మిరుదొడ్డి చేన్లల్ల వానపాముల మీద…”

“వానపాములా? థూ! గంతకంటె మంచి జంతువే దొరకలేదా వీనికి? నేను రాసిన వ్యాసాల ముచ్చటన్న ఎత్తిండా?”

“ప్రతి పేజీల ఎత్తిన్రు సార్.”

“చూసినవా, కాకా పడుతుండు! రాయమ్మా. ‘రాసినవాడే చదవని వ్యాసం ఇది. అచ్చుకు పనికిరాదు.’”

వినీత వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

“సార్, పాపం… ఒకరి ప్రమోషన్ పోతది.”

“పోనీ! గందుకేనమ్మా నేనున్నది!”

చేసేదేముంది, పంపేసింది. దామోదర్ ఆ పూట ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

రెండు రోజులకు పత్రిక నుంచి ఆయనకు మెయిల్ వచ్చింది. విప్పి చూడకుండానే దామోదర్ ముఖం మతాబులా వెలిగింది. స్టాఫ్ రూమ్‌కి మిర్చి బజ్జీలు తెప్పించాడు. నరహరిని చెయ్యి పట్టుకుని మరీ తెచ్చి, ఎదురుగా కూర్చోబెట్టాడు.

“చదువు బిడ్డా, అందరు వినెటట్టు!”

వినీత గొంతు సవరించుకుంది.

“‘దామోదర్ గారూ, రాసినవాడే చదవని వ్యాసమని మా పరిశీలకులు తేల్చినందున, వానపాముల మీద మీరు పంపిన పేపర్‌ను అచ్చు వేయలేము.’”