బాయిలరుకు బొట్టు

“బొట్టు ఇంకా పెద్దగా పెట్టప్పా. చెయ్యంత ఉండల్ల,” అన్నాడు జయరామప్ప, వాకిలి వైపే చూస్తూ.

బెంగళూరు నుంచి బాయిలర్ ఇన్‌స్పెక్టరు ఊళ్లోకి వచ్చేశాడని అప్పుడే కబురు అందింది. పావగడలో అది శెనక్కాయల కాలం. జయరామప్ప నూనె మిల్లు బయట మూటలు గుట్టలుగా పడి ఉన్నాయి. బాయిలరు రేకు పలచబడిందని ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడంటే మిల్లుకు తాళమే. తాళం పడితే బాయిలరుకు మంట వేసే ఈరయ్య ఇంట్లోనూ పొయ్యి వెలగదు. పట్టుకోకపోతే మాత్రం ఏం సుఖం? రేపు ఆవిరి లేచాక ఆ రేకు ముందు నిలబడేది ఈరయ్యే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ సీమ ఉప్పునీళ్లు లోపల్నుంచి తినీ తినీ, బాయిలరు నడుము కింద ఒకచోట రేకును పలచన చేశాయి. సుత్తితో తడితే మిగతా చోట్ల ఖంగుమంటుంది, అక్కడ మాత్రం డొల్లగా పలుకుతుంది. సరిగ్గా అక్కడే ఈరయ్య పసుపు పూసి, విభూతి పట్టెలు దిద్ది, నడిమధ్య కుంకుమ అద్దాడు. దేవుడి మీద సుత్తి వేసే మగాడు ఇంకా పుట్టలేదని జయరామప్ప ధీమా.

ఇన్‌స్పెక్టరు వెంకటేశప్ప లోపలికి వచ్చాడు. ఆయన నుదుటి మీదా విభూతే. బొట్టు చూడగానే బూట్లు విప్పి, వంగి మొక్కాడు. జయరామప్ప ముఖం వెలిగింది. ఈరయ్య కుంకుమ అంటిన వేలు పంచెకు తుడుచుకున్నాడు.

సుత్తి మోగడం మొదలైంది. పైన, పక్కన, కింద. బొట్టు దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా పక్కకు తప్పుకుంది. చెప్పేద్దామని ఈరయ్యకు నోటిదాకా వచ్చింది. పెళ్లాం సుంకులమ్మ గుర్తొచ్చింది. ఆమె చెప్పమంటుందో వద్దంటుందో తేలలేదు. భుజం మీది తువ్వాలు తీశాడు, వేసుకున్నాడు, మళ్లీ తీశాడు.

తట్టినంత మేరా బాగుందన్నాడు వెంకటేశప్ప. భోజనం సిద్ధంగా ఉందన్నాడు జయరామప్ప. దానికేం తొందర అంటూ ఆయన పెట్టెలోంచి చేతితో తిప్పే బర్మా తీశాడు. రేకు మందం తెలియాలంటే ఒకచోట సన్న బెజ్జం వేసి కొలవాలని, తర్వాత దాన్ని బిగించి మూసేయవచ్చని చెప్పాడు. చెబుతూనే మొనను కుంకుమ మీద ఆనించాడు.

“ఆడ వద్దు సామీ. దేవరుండాడు,” జయరామప్ప అడ్డం వచ్చాడు.

“ఉంటే నన్నే అడుగుతాడులే,” అని ఆయన బర్మా తిప్పాడు. తిప్పీ తిప్పకముందే మొన లోపలికి దిగబడింది. కొలిచి చూసి, కొత్త రేకు వేసేదాకా నిప్పు ముట్టించకూడదన్నాడు.

ఈరయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కూడు పోయిందన్న బెంగ ఉంది. ప్రాణం దక్కిందన్న సంతోషం దానికంటే ముందొచ్చి కళ్లు తడిపింది.

జయరామప్ప అతని వైపు కొరకొరా చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

“ఈడే పలచగా ఉండాదని మీకెవురు చెప్పినారు సామీ?”

వెంకటేశప్ప తాపీగా బూట్లు తొడుక్కున్నాడు.

“ఒకరు చెప్పేదేంది? మీ పక్క ఏ మిల్లుకు పోయినా దేవుడు పలచటి రేకు మీదే వెలుస్తా ఉండాడు.”