కలలో మెలకువ

సీతారావమ్మ వసారాలో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది.

"రాత్రి కలలో మళ్ళీ మెలకువొచ్చిందే!" అన్నాడు మగ్గం గుంటలోంచి ఆమె భర్త వెంకటప్పయ్య.

"మెలకువొస్తే లేచి కూర్చోవాలి గదండీ?"

"అది కాదే. కల కంటూనే, ఇది కల అని తెలిసిపోవడం. అనుమానమొచ్చి గిల్లుకుని కూడా చూశాను. నొప్పి పుట్టలేదు."

"ఎలా పుడుతుంది? గిల్లింది నన్ను."

సీతారావమ్మ మోచేతి మీద ఎర్రటి మచ్చ చూపించింది.

వెంకటప్పయ్యకి నవ్వు రాలేదు.

పోయినేడు చనిపోయిన అతని తండ్రి సాంబమూర్తి పేరు చెబితే ఉయ్యూరు నుంచి పామర్రు దాకా హంసలంచు చీరే గుర్తొస్తుంది. ఎప్పుడో పాతికేళ్ళ కిందట నేసిన ఆ చీరల్ని ఆడవాళ్ళు ఇంకా పెట్టెల్లో దాచుకున్నారు.

అదే అంచు కొడుకు వేస్తే హంసలకి మెడలు నిలబడటం లేదు. బాతుల్లా వస్తున్నాయి.

శనివారంలోగా సరైన నమూనా చూపించకపోతే బెజవాడ షాపు పని వేరేవాళ్ళకిస్తామని నేత సంఘం సెక్రటరీ కృపానందం చెప్పేశాడు. ఇవాళ గురువారం.

అందుకే నెలరోజులుగా వెంకటప్పయ్య పెందరాళే పడుకుంటున్నాడు. కలలో నాన్న కనిపిస్తే, ఆ మెడ ఎలా నిలబెట్టాలో అడగాలని.

"మావగారు కనిపించారా మరి?"

"కనిపించాడు. అడిగాను కూడా. 'నాకేం తెలుసురా' అన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది, అది అసలు మెలకువ కాదన్నమాట. మెలకువొచ్చినట్టు కలగన్నాను. నిజంగా మెలకువ తెలిసినవాడు ఎవడైనా దొరికితే బావుణ్ణు!"

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

గొడుగూ, గుడ్డసంచీ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఆ మెలకువ సంగతి చెబుదామనే చల్లపల్లి నుంచి వచ్చాను బాబూ."

వెంకటప్పయ్య గుంటలోంచి ఒక్క ఎగురు ఎగిరాడు.

"కూర్చోండి, కూర్చోండి! సీతా, మజ్జిగ! ఎన్నాళ్ళ నుంచండీ మీకు ఈ మెలకువ?"

"నా పదిహేనో ఏటి నుంచి."

"రోజూ వచ్చేదా?"

"చేతికి పట్టుబడ్డాక ఇంకెక్కడికి పోతుంది? పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా."

"పగలే!"

"పగలేనండి. దీపం వెలుతుర్లో కుదరదు."

వెంకటప్పయ్య భక్తిగా దగ్గరికి జరిగాడు. "ఒక్కళ్ళమే ఉండాలా?"

"అబ్బే, ఇద్దరుండాలి. పక్కన రెండో మనిషి లేందే కాదు."

"నావల్ల కాదు బాబూ," అని సీతారావమ్మ మోచెయ్యి కొంగులో దాచుకుంది.

పెద్దాయన ఇద్దర్నీ అయోమయంగా చూశాడు. "ఒక్కసారి మగ్గంలోకి దిగితే..."

"మగ్గంలో ఎవరన్నా పడుకుంటారటండీ! ముందు నా సంగతి తేల్చండి."

వెంకటప్పయ్య కల మొత్తం చెప్పాడు. మధ్యలో నోరు తెరవనివ్వలేదు. పెద్దాయన మజ్జిగ తాగుతూ ఓపిగ్గా విన్నాడు.

"కల అని తెలిసిందా?"

"తెలిసింది."

"అడగాలనుకున్నది గుర్తుందా?"

"ఉంది."

"అడిగారు కూడాను. మరింకేం బాబూ, అది పూర్తి మెలకువే."

"మరి నాన్న తెలీదన్నాడే!"

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"తెలీదేమో."

వెంకటప్పయ్య మొహం జేవురించింది.

"ఎవరికి? సాంబమూర్తికి హంస మెడ తెలీదా? మా వసారాలో కూర్చుని, మా మజ్జిగ తాగి, మా నాన్ననే అంటారా?"

"నేననేది ఏంటంటే బాబూ..."

"ఇంకేం అనొద్దు. దారిన పోయేవాళ్ళని కూర్చోబెట్టి కలలు చెప్పుకోవడం నాదే బుద్ధితక్కువ. వెళ్ళండి!"

పెద్దాయన మగ్గం మీది బాతుల వంక ఒకసారి చూశాడు. గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

కాసేపటికి రేషన్ షాపు నుంచి కిరసనాయిలు డబ్బాతో వెంకటప్పయ్య తల్లి చౌడేశ్వరమ్మ వచ్చింది.

"ఒరే, చల్లపల్లి బస్సెక్కిన మనిషి అచ్చం శౌరయ్యలా ఉన్నాడు. కేకేసేలోపే బస్సు కదిలిపోయింది. మనింటికి గాని వచ్చాడా?"

"శౌరయ్యెవరు?"

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు మీ నాన్న పక్కన ఇదే మగ్గం మీద కూర్చునేవాడు."

"ఎవరో కలల మనిషి వచ్చాడమ్మా. నాన్నకి హంస మెడ తెలీదన్నాడు. పొమ్మన్నాను."

చౌడేశ్వరమ్మ డబ్బా అక్కడే పెట్టేసింది.

"పొమ్మన్నావా?"

"అనక!"

"మీ నాన్న నేసింది చీర. అంచులో హంసలన్నీ వేసింది శౌరయ్య. అతను వెళ్ళిపోయాక ఈ మగ్గం మీద ఒక్క హంసన్నా దిగిందట్రా? నీ బాతుల సంగతి చెవినపడి నేర్పడానికే వచ్చుంటాడు."

వెంకటప్పయ్య మగ్గం మీది బాతుల వైపు తిరిగాడు.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన పేరు పోతుందని ఊరుకున్నాను. అయినా మెలకువగా ఉన్న నన్ను ఎప్పుడన్నా అడిగావా? నిద్రపోయి మరీ ఆయన్నే అడిగావు!"

చల్లపల్లికి మళ్ళీ బస్సు సాయంత్రం దాకా లేదు.

"ఎక్కడికండీ, ఎండలో?" అంది సీతారావమ్మ.

వెంకటప్పయ్య చొక్కా భుజాన వేసుకుని, నడిచే చల్లపల్లి దారి పట్టాడు.