నోరు మూసిన ప్రింటరు

ప్రింటరు పొద్దున్నుంచీ ఆగకుండా టకటకలాడుతోంది.

యజ్ఞనారాయణకి తల దిమ్మెక్కిపోయింది.

ఖరగపూర్ రైల్వేలో ఓ ఆఫీసుకి కొత్తగా కంప్యూటరు వచ్చింది. ఆ గదికి అతనే ఇన్‌ఛార్జి. మండే మే నెలలో ఏసీ గది! ఆ కుర్చీ మీద ఆఫీసంతటికీ కన్నుంది. చిన్న తప్పు దొరికినా మళ్ళీ రేకుల కిందికి, పాత సెక్షన్‌కి పోవాల్సిందే.

ఆ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తెరవెనకే ఉండి, స్టోర్సు లెక్కలు టెలిఫోను లైను మీద కలకత్తాకి పంపుతుంటుంది. పంపిన ప్రతిసారీ ప్రింటరు మీద 'ఆల్ రైట్' అని కొడుతుంది. పంపలేకపోతే 'ఫెయిల్' అని కొడుతుంది.

అలా కొట్టమన్నది యజ్ఞనారాయణే. చూపు మందగించి ఆఫీసులో పడ్డాడు గాని, అంతకుముందు అతను గార్డు. పచ్చజెండా ఊపందే ఏ బండినీ నమ్మడు.

ఆ కాగితాలు చదివే ఓపిక మాత్రం అతనికి లేదు.

చదివేది ఒక ముసలాయన. ఎవరో తెలీదు. పంచె, చేతిలో సంచీ. రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"ఈ చిత్తుకాగితాలు తీసుకోనా బాబూ?"

"బజ్జీల కొట్టుకా ఏటండీ?"

"కాదు బాబూ, చదూకుందామని."

"ఇందులో చదవడానికి ఏటుందండీ? అంతా ఆల్ రైటే కదా!"

"అదే బాబూ, చదువుతుంటే హాయిగా ఉంటాది."

బయట బెంచీ మీద కూర్చుని అంతా చదివి, మడిచి సంచీలో పెట్టుకుని పోయేవాడు.

"బుర్ర కొంచెం తిరిగినట్టుంది, పాపం" అనేవాడు యజ్ఞనారాయణ ప్యూను తవిటయ్యతో.

అతని అసలు భయం కలకత్తా పెద్దసారు. లైను తెగితే చాలు, ఆ రోజే ఫోను మోగేది.

"లైన్ ఫెయిల్డ్! వాట్ ఆర్ యూ డూయింగ్ దేర్?" బొంగురు గొంతు.

"ఎస్ సార్!" యజ్ఞనారాయణ కుర్చీ కిర్రుమనేలా వెనక్కి తోసి లేచి నిలబడేవాడు. ఫోనుకే సెల్యూట్ కొట్టి, ప్రోగ్రాం మళ్ళీ నడిపించేవాడు.

"కలకత్తాలో కూచుని కనిపెట్టేస్తన్నాడు చూడరా తవిటయ్యా! ఆఫీసరంటే అలాగుండాలి!"

ఒకరోజు తలనొప్పి భరించలేక కంప్యూటరు పుస్తకం తిరగేశాడు. ఆ 'ఆల్ రైట్' కబుర్లు ప్రింటరుకి పంపొచ్చు, డిస్కులో దాచొచ్చు, అసలు వద్దనొచ్చు అని రాసి ఉంది.

వద్దన్నాడు.

ప్రింటరు నోరు మూసింది. యజ్ఞనారాయణకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ముసలాయన వచ్చాడు.

"కాగితాలు లేవా బాబూ?"

"లేవండి. ఇంక రావు. మీరూ రాకండి."

"మరి సరిగ్గా నడుస్తన్నట్టు తెలిసేదెలాగ?"

"అది చూసుకోడానికి కలకత్తాలో పెద్దసారున్నారు. మీకెందుకండీ?"

ముసలాయన ఖాళీ సంచీతో వెళ్ళిపోయాడు.

వారం తర్వాత పెద్దసారే జీపు దిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"వారం నుంచి ఒక్క లెక్కా రాలేదు! నిద్రపోతున్నావా?"

"ఎప్పుడూ మీరే ఫోన్ చేసి చెప్పేవారు కదా సార్! ఈసారి చెయ్యలేదేటి సార్?"

"ఫోనా? మైనే కబ్ కియా? నేను నీకెప్పుడూ చెయ్యలేదు!"

గొంతు సన్నగా, కీచుగా ఉంది. యజ్ఞనారాయణకి చెమట పట్టింది, ఏసీలోనే.

"ఇంతకుముందు సరిగ్గా నడిపినట్టు పాత కాగితాలు చూపించు. లేకపోతే రేపే ఈ గది ఖాళీ చెయ్యి."

కాగితాలన్నీ ముసలాయన దగ్గరే ఉన్నాయి. తవిటయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని యజ్ఞనారాయణ సైకిలు మీద తాల్‌బగీచాలో ముసలాయన ఇంటికి పరుగెత్తాడు.

ఆయన భార్య సరోజాదేవి తలుపు తీసింది.

"ఆ కాగితాలా బాబూ? అన్నీ కట్టలు కట్టుకుని నిన్ననే మా అమ్మాయి దగ్గిరకి, టాటానగర్ వెళ్ళిపోనారు. ఇంక ఇక్కడ చూసుకోడానికి ఏటుంది అన్నారు. రైళ్ళ కంట్రోల్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి కదా, ఎక్కడ ఏది ఆగిపోనాదో తెలీకపోతే ముద్ద దిగదు."

యజ్ఞనారాయణ నీరసంగా సైకిలు తిప్పుకున్నాడు.

"ఔను గాని బాబూ, మీ ఆఫీసులో యజ్ఞనారాయణ అని ఎవరో ఉన్నారట" అంది ఆవిడ వెనకనుంచి, "మా ఆయన ఫోన్‌లో గదిమినప్పుడల్లా కుర్చీ కిర్రుమనేలా తోసి లేచి నిలబడి 'ఎస్ సార్' అనేవారట, సర్వీసు మొత్తంలో ఎవరూ ఇంత మర్యాద ఇవ్వలేదని పొంగిపోయేవారు, ఆ బాబుకి మా నమస్కారాలు చెప్పండి."