కింది ఎడమ మూల

"ముట్టుకోకండి!"

ఇంజనీరమ్మ కేకకు పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

నిజానికి ఆయన ముట్టుకోలేదు. గోడకు బిగించిన చార్టు ముందు నిలబడి, జేబులోంచి భూతద్దం తీసి కుడి కంటికి పెట్టుకోబోయాడంతే.

"ఎవరు మీరు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"చార్టుల పని మీద వచ్చానమ్మా. గేటు దగ్గర చెప్పే వచ్చాను."

చంకలో పొడవాటి అట్టగొట్టం ఉంది. చార్టులు అమ్ముకునేవాడన్నమాట. ఈ రోజే దొరికిందా ఈయనకు!

ఆమెకు పొద్దుటి నుంచీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

పసిపిల్లల కళ్లు పరీక్షించే కెమెరాలు తయారయ్యే చోటది. తయారైన ప్రతి కెమెరాతోనూ ఆ చార్టును ఫోటో తీస్తారు. చార్టు మీది సన్నగీతలు విడివిడిగా కనిపిస్తే కెమెరా మంచిది, అలుక్కుపోతే పనికిరాదు. ఈ విడత పదకొండు కెమెరాలు. పదకొండింటికీ ఫోటోలో కింది ఎడమ మూల మసక.

పదకొండింటికీ అద్దాలు బిగించింది పిన్ని. పద్నాలుగేళ్లుగా ఆవిడకదే పని. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే.

"అదే మూల, అదే చెయ్యి. ఇంకా ఆలోచించేదేముంది?" అన్నాడు మేనేజరు.

నాలుగింటికల్లా 'అద్దం బిగింపులో లోపం' అన్న కాగితం మీద ఇంజనీరమ్మ సంతకం పెట్టాలి. పెడితే పిన్ని ఉద్యోగం ఊడుతుంది. గడియారం మూడు దాటింది.

"ఒక్క మాటమ్మా. కెమెరాను పరీక్షించే ముందు చార్టునే పరీక్షించాలి. దాని అచ్చే మసకైతే..."

"ఇది రెండు చుక్కల చార్టండీ!"

చార్టు అంచున పెన్నుతో పెట్టిన రెండు నల్ల చుక్కలున్నాయి. ఎవరో అచ్చును గీత గీతా చూసి, బాగుందనుకుంటేనే ఆ చుక్కలు పెడతారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు అంతకు మించిన భరోసా లేదు. చవక కాగితపు చార్టు చాలని మేనేజరు అంటే, మూడు రకాలు తెప్పించి, నెల్లాళ్లు పోట్లాడి, దీన్నే ఎంచుకుని, ఈ విడతకే కొత్తగా గోడకు బిగించింది ఆమె. ఇప్పుడు దీనికి వంక పెడితే తనకు పెట్టినట్టే.

"ఆ చుక్కల సంగతే చెబుదామని..."

"దీనికి వంకలు పెట్టి మీ సరుకు నాకు అంటగట్టాలని చూడకండి. నాకిప్పుడు అంత తీరిక లేదు."

పెద్దాయన తల దించుకున్నాడు. గొట్టాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"పోనీ, కెమెరాని తలకిందులు చేసి ఒక్క ఫోటో తియ్యి తల్లీ. తప్పు కెమెరాదైతే ఫోటోలో మసక ఆ మూలనే ఉంటుంది. చార్టుదైతే ఎదుటి మూలకి ఎక్కుతుంది."

"సెక్యూరిటీ!"

 పెద్దాయన వెళ్తూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకున్నాడు.

"చూసుకుని నడవండి," అని విసుక్కుందామె.

నాలుగింటికి సంతకం పెట్టింది. 

పిన్ని ఏడవలేదు. సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"నా చెయ్యి తప్పిందేమో అమ్మాయ్. నాకైతే తెలీలేదు."



పిన్ని వెళ్లాక గదిలో ఇంజనీరమ్మ ఒక్కతే మిగిలింది. ఆ ముసలాయన మాట వట్టిదని తేలిపోతే మనసు కాస్త కుదుటపడుతుందనిపించింది. స్టాండు మరలు విప్పి, కెమెరాను తలకిందులుగా బిగించి, ఫోటో తీసింది.

మసక ఎక్కి పై కుడి మూలలో కూర్చుంది.

ఇంకో కెమెరా పెట్టింది. అంతే. మూడోది. అదీ అంతే.

"అయ్యో, అయ్యో!"

మూడు వారాలుగా ఆరుగురు కంప్యూటర్ల ముందు కూర్చుని చార్టు ఫోటోలు చూశారు. లేచి వెళ్లి చార్టును చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

పిన్నికి ఫోన్ చేసింది.

"పిన్నీ, వెనక్కి రా."

"ఎందుకమ్మా, ఇంకేం తప్పు దొరికింది?"

"నా తప్పు దొరికింది పిన్నీ. నువ్వు ముందు రా."

మేనేజరు నోరు తెరిచేలోగా ఆయన బల్ల మీది కాగితం లాక్కుని నిలువునా చింపేసింది. అక్కడి నుంచి గేటు దాకా ఒకటే పరుగు.

"ఇందాకటి పెద్దాయనేడీ?"

"ఇంతసేపూ ఇక్కడే కూర్చున్నాడు మేడమ్. ఇప్పుడే బస్సెక్కాడు. బస్సు నంబరు కూడా నన్నే చదివిపెట్టమన్నాడు పాపం. ఇది మీకిమ్మన్నాడు."

అట్టగొట్టం.

అక్కడే నిలబడి మూత తీసింది. లోపల కొత్త చార్టు. నాలుగు మూలలా గీతలు దేనికది స్పష్టంగా ఉన్నాయి. అంచున మాత్రం చుక్కల్లేవు. దానికి ఒక చీటీ అంటించి ఉంది, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో.

"అమ్మా, భూతద్దం నేను ఎప్పుడూ ఎడమ కంటికే పెట్టుకునేవాణ్ణి. ఆ కంటికి చూపు పోతోందని ఈమధ్యే డాక్టరు చెబితే తెలిసింది. నిరుడు నేను బాగున్నాయని పంపిన చార్టుల్లో ఎన్ని బాగాలేవో నాకే తెలియదు. అందుకని ఇల్లిల్లూ తిరిగినట్టు తిరిగి అన్నీ మార్చి ఇస్తున్నాను. ఇది మా అమ్మాయి తన కళ్లతో చూసింది, నమ్మవచ్చు. నా చార్టు వల్ల మీ దగ్గర ఎవరి మీదా నింద పడకముందే చేరాలని వచ్చాను."

అడుగున పేరు లేదు. సంతకం ఉండాల్సిన చోట, పెన్నుతో పెట్టిన రెండు నల్ల చుక్కలున్నాయి.