వారం ముందే పాట

"నెరిసిన జుట్టు తీసెయ్," అన్నాడు డైరెక్టరు.

పాటమ్మ పెన్సిలుతో ఆ రెండు మాటలూ కొట్టేసింది. 'నెరిసిన జుట్టు నీడలో నిదురపోయిన ఇల్లు' అన్న పంక్తిలో ఇక నీడా, నిద్రా, ఇల్లూ మిగిలాయి. కింది పంక్తిలో 'అమ్మా' అన్న పిలుపుంది. అదీ వద్దన్నాడు.

"చచ్చిపోయేది ఎవరో చెబితే నాకిన్ని కొట్టివేతలు ఉండవు కదా సార్."

"చెబితే సాయంత్రానికల్లా సెట్టంతా తెలిసిపోతుంది. నువ్వు రాయి."

ఎనిమిది వందల ఎపిసోడ్లు దాటిన ఆ సీరియల్లో ఏ రోజు కాగితాలు ఆ రోజే వస్తాయి. ఎవరి పాత్ర ఎప్పుడు పోతుందో నటులకు చివరి నిమిషం దాకా చెప్పరు. కానీ పోయే పాత్రకి వేసే పాటకి ఆ పద్ధతి కుదరదు. రాయాలి, బాణీ కట్టాలి, పాడాలి. అందుకని ఎవరో పోతున్నారన్న కబురు వారం ముందే అందేది ఆమెకొక్కదానికే. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఆమెకీ చెప్పరు.

ఆమె అక్కడికి వచ్చింది పాటలకే, అందుకే అందరికీ పాటమ్మ. తను రాసి పాడిన టైటిల్ పాట జనం నోళ్ళలో పడ్డాక, డైరెక్టరు ఆమె మొహానికి పౌడరు రాయించి సీరియల్లో చిన్నకోడల్ని చేశాడు. కూనిరాగం తీస్తూ గదిలోంచి రావడం, అత్తగారు కసిరితే మళ్ళీ గదిలోకి పోవడం. నాలుగేళ్ళుగా అదే వేషం.

కసిరే అత్తగారు సెట్లో అందరికీ పెద్దమ్మ. ఈ వారం కాగితాల్లో అత్తగారు ఆస్పత్రి పాలైంది. నిజంలో కూడా పెద్దమ్మ మోకాళ్ళు సహకరించడం లేదు, నిలబడే సీన్లన్నీ ఎత్తేశారు. ఇక అనుమానం దేనికనుకుంది పాటమ్మ. మరి నెరిసిన జుట్టెందుకు వద్దన్నట్టు? అడిగితే, పాటని ముందుగా ప్రోమోలో వేస్తామనీ, చూసేవాళ్ళు పసిగట్టకూడదనీ అన్నాడు. సబబుగానే ఉంది. అయినా ఎక్కడో ముడి పడటం లేదు.

మధ్యాహ్నం విరామంలో పెద్దమ్మ సెట్టులోని ఆస్పత్రి మంచం దిగకుండానే పడుకుని ఉంది. ఇంట్లో మంచం కన్నా ఇదే మెత్తగా ఉందట.

"పాట నాదేనటే?" అంది, పాటమ్మ చేతిలోని పెన్సిలూ కాగితమూ చూసి.

"తెలీదు పెద్దమ్మా."

"నాదే అయితే కాస్త పొడుగ్గా రాయవే. పాట ఎంతసేపుంటే అంతసేపు నన్ను చూపిస్తారు."

నవ్వబోయిన పాటమ్మకి నవ్వు రాలేదు. పెద్దమ్మ దుప్పటి సర్దుకుంటూ, ఈ వయసులో కొత్తగా అత్తగారి వేషం ఎవరిస్తారంది. "ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళే గుర్తొస్తాయి. ఇక్కడుంటే డైలాగులు గుర్తొస్తాయి. అంతేనే తేడా."

ఆ సాయంత్రం పాట రికార్డింగు మొదలైంది. వెళ్ళిపోయే మనిషే పాడుకుంటున్నట్టు ఉండాలన్నాడు డైరెక్టరు. ఏడుపు వద్దు, తలుపు చేరవేసి మెట్లు దిగుతున్నట్టు ఉంటే చాలు. పాటమ్మ మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ కళ్ళ ముందు ఆ మంచమే కదలడంతో మధ్యలోనే ఆపేసింది. నాలుగోసారి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, తిన్నగా డైరెక్టరు దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మని చంపకండి సార్."

అతను కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తలెత్తలేదు. "ఛానల్ వాళ్ళు ఒక మనిషిని తగ్గించమన్నారమ్మా. నా చేతుల్లో లేదు."

"అయితే నా షూటింగు రోజులు తగ్గించండి. నాకు పాటలున్నాయి. ఆవిడకి ఈ వేషం తప్ప ఇంకేం లేదు."

అతను కళ్ళజోడు పెట్టుకుని ఆమెకేసి చూశాడు. ఈ వారంలో అతను సూటిగా చూడటం అదే మొదలు.

"అవును, నీకు పాటలున్నాయి," అన్నాడు, ఎవరో నెత్తి మీది మూట దించినట్టు. "సరే. పెద్దమ్మకేం కాదు. నా మాట."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. మరి ఈ పాట ఎవరికని అడిగితే, ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే, పాడెయ్యమన్నాడు.

పాడేసింది. ఈసారి మధ్యలో ఆగలేదు. మనసు తేలికపడ్డ మనిషి ఎలా పాడుతుందో అలా పాడింది. అతను అడిగిన తలుపూ, మెట్లూ వాటంతటవే వచ్చాయి. ఒక్క టేకులో అయిపోయింది. చివరి మాట పూర్తవుతూనే డైరెక్టరు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఏమైందని ఆమె సౌండు ఇంజనీరుని అడిగింది. తనకీ తెలీదని అతను భుజాలెగరేశాడు.

శుక్రవారం మేకప్ గది తలుపుకి వచ్చే వారం షూటింగు కాగితం అంటించారు. అందులో మనుషుల పేర్లుండవు, వేషాలే ఉంటాయి. అంతా మూగారు. పాటమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. మొట్టమొదటి మాటే 'అత్తగారు'. కింద 'ఆస్పత్రి నుంచి ఇంటికి రాక' అని కూడా ఉంది.

పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసింది. లాయరు వేషం కట్టే ఆయన తన వేషం ఉందని చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఎనిమిది వందల ఎపిసోడ్లలో ఒక్క మాటైనా మాట్లాడని వంటమనిషి, తనూ ఉన్నానని పైకే అనేసి అందర్నీ నవ్వించాడు.

"అందరం బతికే ఉన్నాం. మరి ఎవరి కోసమే ఆ పాట?" అంది పెద్దమ్మ.

అదే పాటమ్మకీ అంతుపట్టలేదు. కాగితం మీద వేలు పెట్టి మళ్ళీ పైనుంచి చదివింది. అత్తగారు, మామగారు, పెద్దకొడుకు, పెద్దకోడలు, చిన్నకొడుకు, లాయరు, వంటమనిషి.

చిన్నకోడలు లేదు.