కోతల పెద్దాయన

"తాతా, ఎత్తుకో!"

మనవరాలు చేతులు చాచి పరుగెత్తుకొచ్చింది. డ్రిల్లు మాస్టారు గబుక్కున వెనక్కి జరిగారు.

ఆయన ఈల వేస్తే బడి బడంతా వరసలో నిలబడేది. అలాంటి మనిషి, మూడేళ్ల పిల్లను చూసి గోడకు అంటుకుపోయారు.

భయం పిల్లంటే కాదు. ఎడమ భుజం కింద, చర్మం లోపల పెట్టి కుట్టిన పెట్టె అంటే. గుండె లయ తప్పితే అది షాకు కొట్టి మళ్లీ దారిలో పెడుతుంది. ఒకసారి కొట్టింది కూడా, మేడమెట్ల మీద. పట్టపగలే చుక్కలు కనిపించాయి. పిల్ల చంకలో ఉండగా కొడితే?

"ముట్టుకున్నవాళ్లకు ఏమీ కాదండీ," అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు. ఆయన ఒంట్లో పెట్టె లేదుగా!

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఈమధ్య అడగడమే తగ్గించింది. మాస్టారిని తినేస్తున్నది అదే.

ఆసుపత్రిలో గుండె రోగుల చేత నడక, కసరత్తు చేయించే గది ఒకటుంది. అక్కడ తగిలాడు ఆ పెద్దాయన. బట్టతల, బొజ్జ, ఆగని నోరు. ఆయనకూ పెట్టె ఉంది.

"ఏం మాస్టారూ, ట్రెడ్‌మిల్‌కు నొప్పి పుడుతుందనా, అంత మెల్లగా?"

మాస్టారు మొహం అటు తిప్పుకుని నడిచారు.

"నా పెట్టె నన్నెన్నిసార్లు తన్నిందో! గాడిద కూడా అలా తన్నదు. దులుపుకుని లేచి కాఫీ తాగాను."

అబ్బో, కోతలు! మాస్టారు విసుక్కుని చివరి మిషను మీదికి మారారు. పెద్దాయన ఆ పక్కకూ వచ్చాడు.

ఒకరోజు మాస్టారు నోరు జారారు.

"మనవరాల్ని ఎత్తుకోవాలంటే భయమండీ."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఆయన నోరు మూతపడటం మాస్టారు చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత పకపకా నవ్వాడు.

"ఇంతేనా! నా మనవరాలు భుజమ్మీద ఉండగానే కొట్టింది మాస్టారూ. నేను కెవ్వుమన్నాను. అదేమో చప్పట్లు కొట్టి, 'తాతా, మళ్లీ అరవవా!' అంది."

"పిల్లకేం కాలేదా?"

"జడ కూడా చెదరలేదు. వెళ్లి ఎత్తుకోండయ్యా బాబూ! పిల్లలు మనకోసం ఆగరు, పెరిగిపోతారు."

డాక్టరు మాట చెవికెక్కలేదు గానీ, ఈ కోత ఎందుకో మనసుకెక్కింది.

ఆ సాయంత్రం మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని పిల్లను ఎత్తుకున్నారు.

ఏమీ కాలేదు. పిల్ల మెడ వాటేసుకుని దిగనంటే దిగనంది. మాస్టారు దాన్ని మోస్తూ ఇల్లంతా తిరిగారు, ఏడుస్తూనే తిరిగారు.

ఆ సంగతి చెప్పాలని నడక గదిలో ఎదురుచూశారు. పెద్దాయన రాలేదు. ఎక్కడ కోతలు కోస్తూ కూర్చున్నాడో అనుకుని నవ్వుకున్నారు.

కొన్ని వారాల తర్వాత గది ముందు ఒకావిడ కనిపించింది. పక్కన, అమ్మంత ఎత్తు ఎదిగిన ఆడపిల్ల. ఆవిడ, రోగి మంచం పక్కన ఉండి పెట్టె కబుర్లు ఆసుపత్రికి పంపే యంత్రాన్ని నర్సుకు తిరిగి ఇచ్చేస్తోంది.

"మీ పక్కన నడిచే పెద్దాయన కూతురండీ," అంది నర్సు. "ఆయన నిద్రలోనే పోయారట."

మాస్టారు గదిలో ఖాళీగా ఉన్న మిషను వైపు చూశారు. తర్వాత ఆ పిల్లవైపు తిరిగారు.

"నువ్వేనా అమ్మా, తాత భుజమ్మీద ఉండగా షాకు కొడితే చప్పట్లు కొట్టింది?"

తల్లీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"మా నాన్న అలా చెప్పారా?" అంది ఆవిడ. "ఇది పుట్టకముందే ఆయనకు పెట్టె పెట్టారండీ. దీనికెక్కడ షాకు తగులుతుందోనని, ఇదెంత ఏడ్చినా నాన్న ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు."