గులాబీకి ఏమైంది

ఆకు చూసి రోగం చెప్పేస్తానని మా వీధిలో నాకు పేరు. అలాంటిది మా బాల్కనీలో గులాబీకే ఆకుల అంచులు మాడిపోతుంటే ఊరుకుంటానా? కుండీలో మట్టి గీకి చూశాను. పైన తెల్లగా పొర కట్టి ఉంది.

"ఉప్పు," అన్నాను. "పైవాటా ఆవిడ బట్టలుతికిన నీళ్లు మన కుండీలోకే కారుతున్నాయి అత్తయ్యా. ఇవాళ కడిగేసి వస్తాను ఆవిణ్ణి."

మెట్ల దాకా వెళ్లాను.

"ఆవిణ్ణేమీ అనకమ్మా," అన్నారు అత్తయ్య వెనకనుంచి. "ఆ నీళ్లు నేను పోసినవే."

"ఏం నీళ్లు?"

"నువ్వు వండిన కూర ముక్కలు ఓసారి నీళ్లలో కడుక్కుని తింటున్నాను. ఆ నీళ్లు పారబోయడం ఎందుకని కుండీలో పోస్తున్నాను."

అప్పుడు చూశాను ఆవిడ పాదాలు. చెప్పుల పట్టీ కనపడనంత వాపు. ఉప్పు బాగా తగ్గించాలని డాక్టరు రాసిన చీటీ నెల్లాళ్లుగా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. అంటించింది నేనే. రోజూ ఆ తలుపు తీసే కూరలు బయటికి తీస్తున్నాను.

"నాతో ఒక మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"చెప్పానమ్మా, రెండుసార్లు. నువ్వు ఫోన్లో ఎవరి మొక్కకో మందు చెబుతున్నావు."

ఆవిడ కుండీ దగ్గరికెళ్లి, మాడిన ఆకును వేలితో నిమిరారు.

"దీనికి ఉప్పు పడదని నాకు తెలీదమ్మా. రేపట్నుంచి సింకులో పోస్తాలే."